మంచు – చూచువారును, మోయువారును

శీతోష్ణములను గూర్చిన మాట మనుష్యుల సంభాషణమున మొట్టమొదట వచ్చునది. విమర్శకుల పరిశీలనమునకు కట్టకడపట వచ్చునది. ఎండ మిక్కుటముగా నున్నదని యొకరనగా రెండవవారు అవునందురు. అంతటితో నా ప్రసంగము ముగియును. అందు అభిప్రాయభేదమునకు తావు లేదని మన తలంపు. కాని ఒకే కప్పు క్రింద, ఒకే కిటికీకడ నిలిచి, ఒకే మంచును చూచుచు భర్త ‘ఎంత యందము!’ అనియు, భార్య ‘ఎన్నాళ్ళీ చెఱ!’ అనియు ననుచుండుట యిప్పుడు సముద్రముల కావల నున్న తెలుగు సంసారములలో తఱచుగా వినవచ్చుచున్న సంగతి. ఇది కేవలము రుచిభేదమేనా, లేక దీని వెనుక మఱియేదైన నున్నదా? మన సాహిత్యము దీనినెట్లు చూచినది, ఎంతవఱకు చూడక విడిచినది? ఈ రెండు ప్రశ్నలును ఒకదానితో నొకటి పెనవైచుకొన్నవి గనుక వానిని కలిపియే విచారింపవలసియున్నది.

మొదట మాటను గూర్చి. తెలుగువానికి మంచు అనగా నేమి? ధనుర్మాసమున తెల్లవారుజామున గడ్డిపోచల కొనల నిలుచునది మంచే. దారి కానరాకుండ ఊరిని కప్పునదియు మంచే. మామిడిపూత మాడినప్పుడు రైతు నిందించునదియు మంచునే. హిమాలయ శిఖరములపై నున్నదియు మంచే. పానీయమున వైచుకొను గడ్డయు మంచుగడ్డయే. తుషారము, నీహారము, తుహినము, ప్రాలేయము, హిమము అని సంస్కృతమున పెక్కు పేళ్ళున్నను అమరసింహుడు వానినన్నిటిని ఒక్కచోటనే కూర్చినాడు. మన కవులును యతిప్రాసలకు కుదిరినదానిని గ్రహించిరే కాని, వీనిలో నేది కురియునది, ఏది పట్టునది, ఏది గడ్డకట్టునది యని విడదీయవలసిన యక్కఱ వారికి కలుగలేదు. కలుగకపోవుట వారి దోషము కాదు. ఆకాశమునుండి గడ్డకట్టి మన నేలపై పడునవి వడగళ్ళు మాత్రమే. అవియు వేసవి తొలిదినములలో ఒక గడియ కురిసి, పంటను పాడుచేసి, కరగిపోవును. మన్యమునందలి లంబసింగిలో శీతకాలమున ఉష్ణమానము సున్నకు చేరువగా దిగుట కలదు. దానిని ‘ఆంధ్రకాశ్మీర’మని పిలుచుకొని యాత్రికులు మురియుదురు, కాని అక్కడ కనులారా చూడదగినది పొగమంచే కాని మోకాలిలోతు హిమము కాదు. హైదరాబాదున హుస్సేనుసాగరమునకు చేరువ 2004లో ‘స్నో వరల్డ్’ అను వినోదశాల వెలసినది. టిక్కెట్టు కొని, వారిచ్చిన కోటు తొడిగికొని, యంత్రములు పుట్టించిన మంచులో పిల్లలతో కొంతసేపాడి, వెలుపలి యెండలోనికి వచ్చివేయుదుము. మనకు తెలిసిన మంచు, వేడుక తీరగానే విడిచి రాదగిన మంచు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ముందు చెప్పబోవునదంతయు దీనిమీద నాధారపడి యున్నది.

అట్టి జాతికి మంచు ఇంటి వ్యవహారమెట్లయ్యెను? దీనికి సమాధానము నానక్‌రామ్‌గూడలో దొరకును. హైదరాబాదునకు పడమట ఒకప్పుడు చిన్న గ్రామముగా నుండిన ఈ చోటు నేడు అద్దపు మేడల పేట. 2019లో అమెజాన్ సంస్థ తన పెద్ద కార్యాలయమును ఇక్కడనే తెఱచినది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమైన అమెరికా కాన్సులేటు 2023 మార్చి నెలలో ఈ నానక్‌రామ్‌గూడలో కట్టిన సొంత భవనమునకు మారినది. నాటినుండి తెలుగునాటి కొత్తదంపతులలో సముద్రము దాటగోరువారికి ఈ వీధి యొక గడప. మండువేసవిలో నుదుటి చెమట తుడుచుకొనుచు, కాగితముల సంచి చంకనిడుకొని, భార్యాభర్తలు వరుసలో నిలుతురు. ఉద్యోగమును గూర్చియు, జీతమును గూర్చియు, వివాహమును గూర్చియు ప్రశ్నలుండును; వానికి సమాధానములు ముందుగానే వల్లెవేయబడును. మంచును గూర్చి అచ్చట నెవ్వరును అడుగరు. అడుగుట వారి పనియు కాదు. కాని ఇంటిలో నైనను ఆ ప్రశ్న పుట్టినదా? ఉద్యోగమెక్కడ నున్న అక్కడికి సంసారము పోవును. అది డల్లాసైనచో చాలవఱకు మన యెండయే. మినియాపొలిసో, షికాగోయో, బఫెలోయో యైనచో ఏడాదిలో నాలుగైదు నెలలు మఱియొక లోకము. ఈ రెండింటి తారతమ్యమును వధువున కెవ్వరును విప్పి చెప్పరు. పెండ్లిచూపులలో వరుని జీతము చెప్పుదురు. అతడుండు నూరి శీతకాలము చెప్పరు.

అక్కడికి చేరినపిమ్మట జరుగు వాదమెట్లుండునో ఊహింపవచ్చును. మొదటి మంచు కురిసిననాడు ఇద్దఱును వాకిటికి పరుగెత్తుదురు. అరచేతులు చాచి పట్టుకొందురు. ఆనాడు అభిప్రాయభేదము లేదు. నలువదవనాటికి పుట్టును. భర్త యనును: ‘దీనిని చూచుటకు జనులు ధనము వెచ్చించి స్విట్జర్లాండునకు పోవుచున్నారు, మనకు గుమ్మములోనికే వచ్చినది. నీకు సౌందర్యదృష్టి లేదు.’ భార్య యనును: ‘చూడబోయినవారు వారము దినములలో ఇల్లు చేరుదురండీ. మనమెప్పుడు చేరుదుము?’ భర్త నవ్వి యూరకుండును. స్నేహితులు కలిసినప్పుడు, ‘మా యావిడ చలికి తాళలేదు, సున్నితపు శరీరము’ అని చెప్పును. ఆమె యడిగినది యొక ప్రశ్న. అతడు వినినది యొక రోగలక్షణము. ఇదియే యీ వాదమునందలి చిక్కు. వారు మంచును గూర్చి మాటలాడుచున్నట్లు కనబడుదురు కాని, ఒకరు దృశ్యమును గూర్చియు, మఱియొకరు దారిని గూర్చియు మాటలాడుచున్నారు.

మన సాహిత్యమున మంచుకొండకు పోయిన గృహస్థులలో మొదట తలపునకు వచ్చువాడు ప్రవరుడు. పదునాఱవ శతాబ్దమున అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రమునందలి యీ కథ తెలుగు చదివినవారికెల్ల తెలిసినదే. అరుణాస్పదపురవాసియగు ఈ బ్రాహ్మణునకు తీర్థములను, దూరదేశములను గూర్చి వినుటయం దంతులేని వేడుక. అతిథిగా వచ్చిన సిద్ధుడొకడు ఇచ్చిన పసరు పాదములకు పూసికొని అతడు హిమాలయమునకు పోయెను, వింతలన్నియు కన్నులార చూచెను, మధ్యాహ్నమగుటతో ఇంటికి మరలబోగా పసరు మంచునీటికి కరగిపోయి యుండెను, అడుగు కదలలేదు. అటుపిమ్మట వరూధిని, ఆమె వేడికోలు, అతని తిరస్కారము, అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరుట. ప్రవరుని నిష్ఠను గూర్చియు, వరూధిని మోహమును గూర్చియు మన విమర్శకులు వ్రాసినదానికి లెక్కలేదు. ఆ తగవులోనికి నేను పోను. మంచు దృష్టితో ఈ కథను మఱల చదివినచో కనబడు రెండు సంగతులను మాత్రము మనవి చేసెదను.

మొదటిది. ప్రవరుడొక్కడే, ఒక్క పూటలోనే, మంచును గూర్చిన రెండభిప్రాయములకును లోనయ్యెను. పాదములకు పసరున్నంతసేపు ఆ కొండ అతనికి నేత్రోత్సవము. సెలయేళ్ళు, నెమళ్ళు, శిఖరములు అన్నియు అతని కన్నులకు విందు చేసినవి. పసరు కరగిన మఱునిమిషమున అదియే చెఱసాల. ఆ నడుమ కొండ మారలేదు, మంచు మారలేదు, ప్రవరుని సౌందర్యదృష్టి నశింపనులేదు. మారినదొక్కటే, మరలిపోగల శక్తి. కనుక మంచు అందముగా నుండుట కన్నులమీద నెంత ఆధారపడి యున్నదో కాళ్ళమీదను అంత ఆధారపడి యున్నది. పెద్దన ఈ సిద్ధాంతమును ఎక్కడను చెప్పలేదు. కాని కథ నట్లు నడపినాడు. ‘నీకు సౌందర్యదృష్టి లేదు’ అని భార్యను నిందించు భర్త ఈ ఘట్టము నొకపరి చదువుట మంచిది. ఆమెకు దృష్టి లేక కాదు. ఆమె పాదముల పసరు కరగినది.

రెండవది. ఈ కథలో మూడవ వ్యక్తి యొకతె కలదు. ఆమె ప్రవరుని భార్య. ఎందఱు అతిథులు, ఏ వేళ వచ్చినను విసుగక వండిపెట్టు నిల్లాలని కవి యామెను పొగడినాడు. భర్త దూరదేశమునకు పోవునప్పుడు ఆమె నొకమాట యడిగినట్లు కావ్యమున లేదు. సాయంకాలమునకు అతడు రానప్పుడు ఆమె గుమ్మమున నిలిచి యేమనుకొనెనో లేదు. ఆమె దుఃఖము మనకు తెలియునది ప్రవరుని యూహవలన మాత్రమే. కొండపై చిక్కుకొని అతడు తలిదండ్రులను, శిష్యులను, అగ్నిహోత్రములను తలచుకొని, తన మనసెఱిగి నడచుకొను ఇల్లాలు ఎంత కుందుచున్నదో యని వగచును. న్యాయముగా చెప్పవలెనన్న ప్రవరుడు మన కాలపు భర్తలలో పెక్కండ్రకంటె మేలు. చిక్కుకొన్న తరువాతనైనను ఆమె యెట్లున్నదో యని తలచినాడు. ఐనను ఆ తలపు అతనిది. ఆమె నోటిమాట కాదు. మంచును చూడవచ్చిన యాత్రికుడు ప్రవరుడు. మంచునే పుట్టినిల్లుగా కలిగి, దానిని గూర్చి చెప్పుకొనవలసిన దేమియు లేనిది వరూధిని. నోరు విప్పని మూడవది ఇల్లాలు. సుమారు ఐదువందల యేండ్ల పిమ్మట వచ్చిన మార్పేమనగా, ఆ మూడవ వ్యక్తియే ఇప్పుడు మంచులో నిలిచియున్నది. యాత్రికుని వెంట ఆమెయు పోయినది. కాని సాహిత్యమున ఆమె కింకను మాట రాలేదు.

ఆమెకు మాట నిచ్చు శక్తి మన భాషకు లేదా యన్న, ఉన్నది. దానికి సాక్షి పెద్దనను ఆదరించిన ప్రభువే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించుచు మేఘములతోను, మెఱుపులతోను తృప్తి చెందలేదు, వంటయింటిలోనికి పోయినాడు. ముసురుపట్టిన దినములలో ఇల్లిల్లు తిరిగి నిప్పు తెచ్చుకొనుట, తడికట్టెలు రాజక పొగలుచుట్టుట, కన్నుల నీరు కారుచుండగా గృహిణి పడు పాటు అన్నియు చూచి వ్రాసినాడు. దండయాత్రలు నడపిన రాజునకు వాన అనగా సేనలకు విరామము. ఐనను ఇల్లాలికి వాన అనగా నేమో ఆయన కనుగొనగలిగెను. ఋతువు ఆకాశమున నొక్కటే. ఇంటిలో పనినిబట్టి పలువిధములగును. ఈ యొక్క సూక్ష్మమును మన మంచు వ్రాతలు ఇంకను నేర్చుకొనవలసియున్నవి.

ఇక మంచు మోయుట యనగా నేమో వస్తుస్థితిని చూతము. బఫెలో నగరము ఈరీ సరస్సు కొనయందున్నది. శీతకాలపు తొలిదినములలో సరస్సునీరు గడ్డకట్టక కొంత వెచ్చగానే యుండును. దానిమీదుగా వీచు చలిగాలి ఆవిరిని త్రాగి, ఒడ్డు చేరగానే మంచుగా క్రుమ్మరించును. సరస్సు గడ్డకట్టినపిమ్మట ఈ యుధృతి తగ్గును. సగటున ఏటికి సుమారు 95 అంగుళముల మంచు ఆ నగరమున పడును. 2014 నవంబరున నగరమునకు దక్షిణపు శివార్లలో 5 అడుగులకు పైగా పడగా, కొలది మైళ్ళ దూరముననున్న ఉత్తరపు పేటలలో కొన్ని అంగుళములే పడినవి. ఒకే యూర రెండు శీతకాలములు! ఒకే యింట రెండు శీతకాలము లుండుట యింకను ఆశ్చర్యమా? 2022 డిసెంబరు పండుగదినములలో అక్కడ వచ్చిన మంచుతుపానున నలువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లలో వేడిమి లేకయు, కార్లలో చిక్కుకొనియు, సహాయము చేరకయు ప్రాణములు విడిచినవారు వారిలో నుండిరి.

తుపానుల మాట యటుంచుడు. సామాన్యదినపు లెక్క చూడుడు. పది అంగుళముల మంచు కరగిన నొక అంగుళము నీరగునని స్థూలమైన యంచనా. ఇరువది అడుగుల వెడల్పును నలువది అడుగుల పొడవును గల వాకిటిపై ఒక్క అడుగు మంచు పడినచో దాని బరువు సుమారు 2,200 కిలోలు. అనగా 25 కిలోల బియ్యపు బస్తాలు దాదాపు తొంబది. దానిని పారతో నెత్తి ప్రక్కకు వేయవలెను. పెక్కు ఊళ్ళలో ఇంటిముందరి కాలిబాటను ఇన్ని గంటలలో శుభ్రము చేయవలెనని నియమమును కలదు. అలవాటు లేనివారు ఒక్క యూపున ఈ పని చేయబోయి గుండెపోటు తెచ్చుకొనరాదని అక్కడి వైద్యులు ఏటేట హెచ్చరింతురు. ఈ పని పెక్కు తెలుగిండ్ల భర్తయే చేయును. దానిని కాదనుట అన్యాయము. తెల్లవారుజామున పార పట్టి, కారు అద్దముపై గడ్డను గీచి, జాఱు దారిని ఉద్యోగమునకు పోవు పురుషుని శ్రమ తక్కువది కాదు. కాని ఆ శ్రమకు చివర నొక ద్వారమున్నది. అతడు మంచును త్రవ్వి దారి చేసికొని ఆ దారినే వెలికి పోవును, తోటివారితో మాటలాడును, సాయంకాలము తిరిగి వచ్చును.

ఆమె శ్రమకు ద్వారము లేదు. పసిబిడ్డకు పొరమీద పొర తొడిగి, బూట్లు బిగించి, పది నిమిషముల పనికి అరగంట సిద్ధము కావలెను. కిటికీలు బిగించిన యింట పోపు వేసినచో పొగను పసికట్టు యంత్రము కూయును. ఘాటు కోట్లకు పట్టి మఱునాడు భర్త కార్యాలయమువఱకును పోవును. కృష్ణరాయల గృహిణికి నిప్పు రాజకపోవుట బాధ. ఈమెకు రాజిన నిప్పుయొక్క పొగ పోవుటకు దారి లేకుండుట బాధ. సంక్రాంతి పండుగ సరిగా మంచు ముదిరిన జనవరి నడుమ వచ్చును. వాకిట వేయు ముగ్గు తెల్లనిది, వాకిలియు తెల్లనిదే. ముగ్గు లోపలి గదిలో కాగితముపైకి వచ్చును. ఇవి చిన్న సంగతులని తోచవచ్చును. చిన్న సంగతులతోనే గృహజీవనము కట్టబడియున్నది.

వెలుతురు సంగతియు కలదు. హైదరాబాదున డిసెంబరు చివర సైతము పగలు పదునొకండు గంటలుండును. మినియాపొలిసున తొమ్మిది గంటలైన నుండదు. శీతకాలమున వెలుతురు కొఱవడుటచే కొందఱికి కలుగు విషాదమును నార్మన్ రోజెంతాల్ మొదలగు వైద్యులు 1984లో నొక ప్రత్యేకవ్యాధిగా వర్ణించిరి; అది స్త్రీలలో హెచ్చుగా కనబడుచున్నదని కూడ వైద్యులు చెప్పుదురు. ‘సున్నితపు శరీర’మని భర్త నవ్వివిడిచినదానికి వైద్యశాస్త్రమున పేరు కలదన్నమాట, చికిత్సయు కలదు.

అన్నిటికంటె బరువైనది చట్టము వేసిన మంచు. ఉద్యోగి వెంట హెచ్-4 అనుమతిపై పోయిన భార్యకు అక్కడ పనిచేయు హక్కు చిరకాలము లేకుండెను. 2015 మే 26 మొదలుకొని వారిలో కొందఱికి, ముఖ్యముగా భర్తల శాశ్వతనివాసపు అర్జీ ఒక మెట్టు దాటినవారికి, ఆ హక్కు లభించినది, తక్కినవారు వేచియుండవలసినదే. ఇంజనీరు పట్టము పొంది, నానక్‌రామ్‌గూడలోనే భర్తతో సమానముగ జీతము తెచ్చుకొనిన స్త్రీ, సముద్రము దాటగానే భర్త పేరిటి కాగితములో నొక పంక్తియై పోవును. జీతము లేదు; స్నేహితురాండ్రు లేరు; దారి మంచున నున్నది. అట్టి యామె కిటికీలోనుండి చూచి ‘ఇది చెఱ’ యన్నచో ఆమె ఋతువును వర్ణించుచున్నదని యనుకొను భర్త అమాయకుడు. అట్లనుకొన్నట్లు నటించు భర్త అంతకంటె తెలివైనవాడు. ఏలయన, వాదము మంచును గూర్చినదిగా నున్నంతకాలము, ‘ఇక్కడ నుండుటయా, మరలుటయా, నీ చదువున కేమి గతి?’ అను వాదము ఆరంభము కాదు.

ఇక్కడ నొక యాక్షేపము రావచ్చును. ‘మంచును ప్రేమించు భార్యలు లేరా? విసుగుకొను భర్తలు లేరా?’ అని. ఉన్నారు, నా వాదమునకు వారే బలము. భార్య అక్కడి వైద్యశాలలో ఉద్యోగినియై, భర్త ఆమె వెంట పోయి ఇంటిపట్టున నున్నచోట్ల తిట్టు అతని నోటనుండియే వెలువడును. బాల్యమునుండి మంచులో పెరిగినవారికి, స్త్రీయైనను పురుషుడైనను, అది తిట్టదగినదియు కాదు, పొగడదగినదియు కాదు. మన పిల్లలను చూడుడు, బడికి సెలవు ప్రకటింపబడిన మంచుదినము వారికి పండుగ. కనుక ఈ భేదము ఆడుదానికిని మగవానికిని స్వభావమున పుట్టినది కాదు. ఎవరికి దారి తెఱచియున్నది, ఎవరికి మూయబడియున్నది యను దానినుండి పుట్టినది. స్వభావమున పుట్టినదానిని మార్చుట దుస్సాధ్యము. ఏర్పాటువలన పుట్టినదానిని మఱియొక యేర్పాటువలన మార్పవచ్చును. ఇదియే ఆశ కవకాశము.

మఱియు నేను మంచు అందమును కాదనుటలేదు. కొత్తగా పడిన మెత్తని మంచు శబ్దములను మ్రింగును. ఆ రాత్రి నిశ్శబ్దమునకు సాటియైనది మన దేశమున లేదు. వెన్నెల దానిపై పడినప్పుడు అర్ధరాత్రమున చెట్ల నీడలు స్పష్టముగా కనబడును. పొలములను దుప్పటివలె కప్పి, చలికి గోధుమమొలక చావకుండ కాచునదియు ఆ మంచే. ఇవన్నియు సత్యములు, కవితకు తగినవి. భర్త చూచినది అబద్ధము కాదు. అతడు చూచినది సగము. ఆమె చూచినదియు సగమే. దాంపత్యమున కొకరి సగమును రెండవవారు పూర్ణమని యొప్పుకొనవలసివచ్చుట అన్యాయము. రెండు సగములను కలుపుట ధర్మము.

మన కళలు ఈ కలుపు పని చేయుచున్నవా? ఎక్కువగా చలామణిలో నున్న మంచు చిత్రమేదియన్న, మన చలనచిత్రముల పాటలలోనిది. కాశ్మీరమో, స్విట్జర్లాండో, కొండవాలంతయు తెల్లన. నాయకుడు ఉన్నికోటు తొడిగి, మెడకు కండువ చుట్టి, చేతులకు తొడుగులు వేసికొని యుండును. నాయిక పలుచని చీరతో, చేతులు కప్పని రవికతో, అదే మంచులో నవ్వుచు నాట్యమాడును. పలుమారు చూచి మనము దీనికి అలవాటు పడితిమి; వింతగానైన తోచదు. ఒకే మంచు పురుషునకు చలి, స్త్రీకి అలంకారము! ఆమె వణకరాదు, వణకిన దృశ్యము చెడును. ఇంటిలో ‘నీకు సౌందర్యదృష్టి లేదు’ అను మాటయు, తెరపై నీ చిత్రమును ఒకే చెట్టు కొమ్మలు. చలి యని చెప్పు హక్కు ఆమెకు లేకుండుట రెండింటను సమానము.

వ్రాతల విషయమునను మనము దోషము లేనివారము కాము. ప్రవాసులు పంపు జాబులలోను, యాత్రాకథనములలోను, పద్యములలోను మంచు సామాన్యముగా ‘పాలసముద్రము’, ‘మల్లెలవాన’, ‘దూదిపరుపు’ అయి కూర్చుండును. ఉపమానములన్నియు మన వేసవి దేశమునుండి కొనిపోయినవే. వానిలో నొక్కటియు చల్లగా లేదు. మల్లెలు కాలి వ్రేళ్ళను మొద్దుబాఱించునా? దూది పై జాఱి నడుము విరుగునా? ఉపమానము వస్తువును దగ్గఱకు తేవలెను. ఇవి వస్తువును కప్పివేయుచున్నవి. మఱియొక జాతి వ్రాతలలో మంచు కేవలము దుఃఖమునకు తెర: ఒంటరితనమును చెప్పదలచిన వెంటనే వెలుపల మంచు కురియును. ఇదియు సులువైన మార్గమే. దుఃఖమునకు కారణము కొంత భర్త మౌనమునందును, కొంత చట్టమునందును, కొంత పెండ్లినాటి దాపరికమునందును ఉండగా, నేరమంతయు నోరులేని ఋతువుపై వేసి రచయిత చేతులు కడిగికొనును.

కావలసిన దేమి? ఇండ్లలో కావలసినది కొంత, వ్రాతలలో కావలసినది కొంత. వధూవరులు జీతము, చదువు, జాతకము విచారించునట్లే పోబోవు నూరి శీతకాలమును, అక్కడ వధువున కుండబోవు హక్కులను పెండ్లికి ముందే విచారింపవలెను. తలిదండ్రులు దీనిని అపశకునముగా నెంచరాదు. చేరిన తరువాత మొదటి మంచుకు ముందే భార్య కారు నడుపుట నేర్చి అనుమతి పొందవలెను. మంచుదారిని నడుపుట వేఱు విద్యయని తెలిసి దానిని వేఱుగ నభ్యసింపవలెను. భర్త నేర్పుటకు విసుగుకొనరాదు. ఆమె నేర్చుకొనుటకు వెఱవరాదు. ఓపికనుబట్టి పార ఇద్దఱి చేతను నుండుట మంచిది; వంటగరిటయు నట్లే. ప్రతి యూరను ఉచితముగ తెఱచియుండు గ్రంథాలయములు ఆ దేశపు గొప్ప సంపద. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయమహాసభ జరిపిన జాతికి ఆ ద్వారము కొత్తది కాదు. వారమున కొకనా డైనను నలుగురు స్త్రీలు అక్కడ కూడి చదువుకొన్నచో శీతకాలము నెల తగ్గును. వెలుతురు కొఱతచే మనసు క్రుంగినచో వైద్యునికడకు పోవుట సిగ్గు కాదు. వీనికన్నిటికి ముందు, ‘మనమెప్పుడు మరలుదుము?’ అని ఆమె యడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. సమాధానము ‘మరలము’ అనియే కావచ్చును. కాని అది ఇద్దఱును కూర్చుండి చేసిన నిర్ణయమైనచో అదే వాకిటి మంచు కొంత తేలికయగును. పసరు మఱల పాదములకు వచ్చినట్లే.

రచయితలు చేయవలసినది ప్రవరుని యిల్లాలికి నోరిచ్చుట. ఆమెను కన్నీటిబొమ్మగా చేయ నక్కఱలేదు. ఆమెకు మంచుపై కోపము రావచ్చును. ఒకనాటి రాత్రి నిద్రపట్టక లేచి కిటికీకడ నిలిచి, భర్త చెప్పిన యందమును తానై కనుగొనవచ్చును. మఱునా డుదయమున బిడ్డకు బూట్లు తొడుగుచు దానిని మఱల తిట్టుకొనవచ్చును. ఆ రెండును ఒకే మనసులో నుండునని చూపగల కథ మనకు కావలెను. వర్షమునకు రాయలు చేసిన మర్యాద మంచునకు చేయగల కవి కావలెను.

అంతవఱకు చదువరులు చేయదగిన పని యొకటి కలదు. తెల్లని వాకిలిని వర్ణించు పద్యము కాని, కథ కాని, బంధువు పంపిన ఛాయాపటము కాని చేతికి వచ్చినప్పుడు, అందమును మెచ్చుకొనుడు. మెచ్చుకొనినపిమ్మట, ఆ వాకిలి యెవరు తీసిరి, తీసిన దారిని ఎవరు వెలికి పోయిరి, లోపల నెవరు మిగిలిరి అని యడుగుడు. ఆ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పగల వర్ణన యేదైన దొరకినచో, దానిని చదివినవారు పదిమందికి చెప్పుదురు గాక.